చుక్కలు లేని బొమ్మ

శాంతకుమారి అరచేత్తో ఎడమ కన్ను మూసుకొని టీవీ చూసింది. తర్వాత చెయ్యి మార్చి కుడి కన్ను మూసుకొని చూసింది. మూడోసారి నల్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకొని, రెండు కళ్లతో చూసింది. వార్తలు చదివే అమ్మాయి ముఖం మీద చుక్కలు చీమల మాదిరి పారుతూనే ఉన్నాయి.

“పోలే,” అంది.

రామచంద్ర గడప దగ్గర కూర్చొని ఉలికి సాన పెడుతున్నాడు. తల ఎత్తలేదు.

“అవి టీవీలో ఉండేవి. నీ కంట్లో లేవు.”

“నువ్వట్లే అంటావు.”

“ఉండేదే అంటాండా.”

“నర్సమ్మ అడిగింది గదా, కండ్ల ముందర చుక్కలు కనిపిస్తాయా అని. కనిపిస్తాయమ్మా, టీవీ పెట్టినప్పుడల్లా అని చెప్తిని. ఆయమ్మ కాయితంలో రాసుకునె. టీవీలో ఉండేదయితే ఆసుపత్రోళ్లు యాల రాసుకుంటారు?”

రామచంద్ర ఉలి సానరాయి మీద ముందుకీ వెనక్కీ పోతూనే ఉంది. కుప్పం ఆసుపత్రిలో ఆమె కుడి కంటి పొర తీసి నెల దాటింది. వచ్చే సోమవారం ఎడమ కంటికి తీస్తామన్నారు. ఆ రోజు పొద్దున ఏడు గంటలకు ఆసుపత్రి వ్యాను పుంగనూరు బస్టాండుకు వస్తుంది. ఎడమ కన్ను బాగా ముదిరింది, ఈసారి తప్పిస్తే తర్వాత కత్తి పెట్టినా చూపు వస్తుందని మాట ఇవ్వలేం అని డాక్టరు చెప్పాడు.

“సోమవారం నేను రాను,” అంది శాంతకుమారి.

ఉలి ఆగింది.

“ఏమంటివి?”

“ఒక కంటికి చేసినారు. చుక్కలు పోలే. ఇంగో కంటికి యాల? ఉండేదాన్ని ఉండనీ.”

ఆమె అద్దాలు పెట్టుకొని టీవీ కట్టేసింది. ఆ రోజు బుధవారం.

మర్నాడు పొద్దున ఆమె చింతపండు ముందర కూర్చుంది. అది మూడిళ్ల వరస. మొదటిది ఆటో నడిపే నాగేంద్రది. నడిమిది చింతపండు గోడౌను. కడపటిది వీళ్లది. గోడౌను నుంచి పొద్దున ఒక గంప వస్తుంది, సాయంత్రానికి గింజ తీసి, ఈనె తీసి, ముద్ద చేసి పంపాలి. శాంతకుమారి రాతి మీద కాయ పెట్టి ఇనుప కమ్మీతో ఒకటే దెబ్బ వేస్తుంది. పెంకు ఒక పక్కకు, గింజ ఒక పక్కకు పడతాయి. బొటనవేలి గోటితో ఈనె మొదలు పట్టి లాగితే కొస దాకా వస్తుంది.

రామచంద్ర పనికి పోలేదు. పక్కన నిలబడి చూశాడు.

“ఆ ఈనె నీకు కనిపించిందా?”

“వేలికి తగిలె.”

అతను లోపలికి పోయి చిత్రిక పట్టిన పలక ఒకటి తెచ్చాడు. చెవి మీది పెన్సిలు తీసి, వెంట్రుక మందాన గీతలు గీసి, పలకను వాకిలి అవతల గోడకు ఆనించాడు. పన్నెండడుగుల దూరం.

“ఏం కనిపిస్తాంది?”

“గీతలు.”

“ఎన్ని?”

“రెండు. కింది గీత వంకర పోయింది.”

రామచంద్ర దగ్గరికి పోయి, ఒక కన్ను మూసి, పలక అంచు వెంబడి చూశాడు. కింది గీత వంకర పోయింది. వడ్రంగం మొదలుపెట్టి నలభై ఏళ్లు. అతని గీతను వంకర అన్న మనిషి లేడు.

“కన్ను బాగుండాది గదా మరి!” అన్నాడు కోపంగా.

“గీతలు కనిపించలేదని నేనంటినా? చుక్కలు పోలేదంటాండా.” కాయ మీద ఇంకో దెబ్బ పడింది. “చుక్కలు లేని బొమ్మ ఒక్కటి నా కంటికి చూపించు. సోమవారం నీకంటే ముందు పోయి వ్యానులో కూర్చుంటా.”

“చుక్కలు లేని బొమ్మ యాడ తెచ్చేది?”

“నాగేంద్ర ఇంట్లో బాగుంటాదని నువ్వే గదా అంటావు. ఒక్క గడియ ఆడికి పోయి చూసొద్దాం.”

“ఆ గడప నేను తొక్కను.”

“నేను పోతా.”

“నువ్వూ తొక్కవు.”

యాంటెన్నా గడ నాగేంద్ర మిద్దె మీద ఉంది. ఇద్దరూ కలిసి వేయించిందే. అక్కడి నుంచి వైరు గోడౌను మీదుగా వీళ్లింటికి వస్తుంది. తొమ్మిదేళ్ల కిందట రామచంద్ర ఆ గడ కింద నిలబడి, బొమ్మంతా నువ్వు మింగి ఎంగిలి నాకు పంపిస్తాండావు అన్నాడు. నాగేంద్ర మిద్దె మీద నుంచి ఇంకో మాట అన్నాడు. ఆ తర్వాత ఒకే కొళాయి దగ్గర నీళ్లు పట్టుకున్నారు, ఒకే సందులో నడిచారు, మాట్లాడుకోలేదు. కేబుల్ పెట్టించుకోవచ్చు గదా అని ఎవరైనా అంటే రామచంద్ర ముఖం తిప్పుకొనేవాడు. కేబుల్ మనిషితో కూడా అతనికి మాటల్లేవు.

అతను చొక్కా వేసుకున్నాడు. టేపు తీసి టీవీని పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, బీడీ కట్ట కాగితం మీద రాసుకొని మదనపల్లె బస్సు ఎక్కాడు.

మొదటి అంగట్లో గొడుగంత డిష్షు చూపించి, వందకు పైగా చానళ్లు వస్తాయన్నారు.

“నెల నెలా కట్టల్ల,” అన్నాడు అంగడాయన.

“కట్టకపోతే?”

“బొమ్మ ఆగిపోతాది.”

రామచంద్ర దిగి వచ్చేశాడు. రెండో అంగట్లో మనిషి సెల్‌ఫోన్‌లో మాట్లాడుతూ, కూర్చోమని చేత్తో సైగ చేశాడు. రామచంద్ర వంద లెక్క పెట్టేదాకా కూర్చున్నాడు. నూటొకటికి లేచాడు.

మూడో అంగడి బస్టాండు వెనక సందులో ఉంది. బయట పాత అల్యూమినియం యాంటెన్నాలు ఒక మూలకు నెట్టేసి ఉన్నాయి. వాటి పుల్లలకు పాల ప్యాకెట్లు, అరటిపండ్ల గెల వేలాడుతున్నాయి. లోపల అంగడాయన చాంద్ బాషా ఒక రేడియో పొట్ట విప్పి సోల్డరింగు పెడుతున్నాడు. చెవి మీద టెస్టరు.

“ఏం కావాల పెద్దాయనా?”

“చుక్కలు లేని బొమ్మ.”

చాంద్ బాషా సోల్డరింగు కమ్మీ పక్కన పెట్టాడు. వెనక టీవీ వేసి, దాని మీది నల్ల పెట్టె మీట నొక్కాడు. కాసేపు తెర నల్లగా ఉండి, ఒక్కసారిగా బొమ్మ వచ్చింది. ఎవరో రైతు టమోటా మడిలో నిలబడి మాట్లాడుతున్నాడు. రామచంద్ర బల్ల మీదికి వంగి, గాజుకు జానెడు దూరంలో ముఖం పెట్టి చూశాడు. ఆకు మీది పురుగు కూడా కనిపించింది.

“ఆడికంటే ముందుకు పోతే టీవీ లోపల పడతావు,” అన్నాడు చాంద్ బాషా. “ఇది డిజిటల్. నెల డబ్బు లేదు. సర్కారు చానళ్లు, ఇంకొన్ని. ఒక్కసారి కొంటే అంతే.”

“చుక్కలు పడవా?”

“ఆ మాటే లే. వస్తే బొమ్మ నిండుగా వస్తాది. రాకుంటే అస్సలు రాదు. యాంటెన్నా మాదిరి సగం సగం రావడం దీంట్లో ఉండదు.”

రామచంద్రకు ఆ మాట నచ్చింది. మనుషుల గురించి కూడా అతని అభిప్రాయం అదే.

“మీ టీవీ ఏది?”

రామచంద్ర బీడీ కాగితం తీశాడు. “పద్నాలుగంగుళాలది అని అమ్మినాడు. నేను మూలకు మూల కొలిస్తే పదమూడున్నరే ఉండాది. అర అంగుళం మోసం.”

“అది కాదప్పా. వెనకాల ఎర్ర, పచ్చ, తెల్ల బొక్కలు ఉండాయా? ఈ వైర్లు దూర్చేదానికి?”

రామచంద్ర కాగితం తిప్పి చూసుకున్నాడు. పొడవు ఉంది, వెడల్పు ఉంది, ఎత్తు ఉంది. వెనకాల ఏముందో లేదు.

“అవి లేకుంటే ఈ చిన్న డబ్బీ నడిమిట్ల పెట్టల్ల. తీసుకుపో. అవసరం లేకుంటే వాపసు ఇయ్యి. మా మనిషి మంగళవారం వచ్చి బిగిస్తాడు.”

“మంగళవారం కుదరదు. సోమవారానికి ముందర కావాల.”

“సోమవారం ఏముండాది?”

“ఉండాది.”

చాంద్ బాషా పెట్టెనూ దానితో వచ్చే డిష్షునూ బల్ల మీద పెట్టాడు. “అయితే నువ్వే బిగించుకుంటావా? కష్టమేమీ లే. డిష్షును ఆగ్నేయానికి పెట్టల్ల. అంతే.”

“ఆగ్నేయం నాకు చెప్పాల్సిన పనిలే. నలభై ఏండ్లుగా ఇండ్లకు దర్వాజాలు నిలబెడతాండా.”

తిరుగు బస్సులో డిష్షును ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. కండక్టరు దాని మీద టికెట్ల పెన్సిలుతో కొట్టాడు. “ఏం పెద్దాయనా, యాడ పెండ్లి? ఎంతమందికి వండుతాండారు?”

“వంటకు కాదు.”

“అయితే లగేజీ టికెట్టు తీసుకో. వంటకయితే వదిలిపెడుతును.”

రామచంద్ర నవ్వలేదు. టికెట్టు తీసుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అతను మిద్దె మీదే ఉన్నాడు. ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం. నాలుగు మూలలూ సూర్యుణ్ణి చూసి ఖాయం చేసుకున్నాడు. ఆగ్నేయం మూలలో పిట్టగోడ పక్కన నాలుగు బెజ్జాలు వేశాడు. డిష్షు కాలును బోల్టులు వేసి బిగించాడు. దారానికి ఇనుప గుండు కట్టి వేలాడదీసి నిలువు చూశాడు. రసమట్టం పెట్టి అడుగు చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. డిష్షు ముఖాన్ని యాంటెన్నా చూసే దిక్కుకే, మదనపల్లె వైపు తిప్పాడు. బొమ్మ వచ్చేది అటునుంచే గదా.

కిందికి దిగి వైరు లోపలికి లాగాడు. టీవీ వెనకాల మూడు రంగుల బొక్కలు లేవు. డబ్బీ పనికొచ్చింది. అన్నీ దూర్చి మీట నొక్కాడు. తెర నీలంగా అయింది. మధ్యలో ఇంగ్లీషులో ఏవో రెండు మాటలు.

శాంతకుమారి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. అద్దాలు తీసింది.

“నీలంగా ఉండాది.”

“చుక్కలు ఉండాయా?”

“లేవు. బొమ్మా లే.”

“చుక్కలు లేవు గదా?”

“ఏమీ లేనిదాంట్లో చుక్కలు యాడుంటాయి?” అని లేచి చింతపండు దగ్గరికి పోయింది.

అతను మళ్లీ మిద్దె ఎక్కాడు. గుండు వేలాడదీశాడు. నిలువు సరిగ్గానే ఉంది. దిగి వచ్చాడు. నీలం. ఎక్కాడు. డిష్షును వేలెడంత తిప్పాడు. “వచ్చిందా?” అని అరిచాడు. “రాలే,” అని కింది నుంచి వినిపించింది. ఇంకో వేలెడు. “వచ్చిందా?” “రాలే.” మొదటింటి ముందర ఆటో తుడుస్తున్న నాగేంద్ర తల ఎత్తి చూశాడు. రామచంద్ర అరవడం మానేశాడు. శనివారం కూడా ఆమె అటు చూసి “నీలం” అంది.

శనివారం సాయంత్రం అతను రూపాయి ఫోనులో మదనపల్లెకు మాట్లాడాడు. అవతల చాంద్ బాషా, రేపు మా మామ ఇంటికి పుంగనూరు వస్తాండా, దోవలో చూస్తా అన్నాడు.

ఆదివారం మూడు గంటలకు చాంద్ బాషా మోపెడ్ మీద వచ్చాడు. మిద్దె ఎక్కి డిష్షు చుట్టూ ఒకసారి తిరిగాడు. బోల్టు మీద చెయ్యి వేసి ఊపి చూశాడు. కదలలేదు.

“గుడి ధ్వజస్తంభం కూడా ఇంత గట్టిగా ఉండదు,” అన్నాడు. “కానీ పెద్దాయనా, ఆగ్నేయంలో పెట్టినావు.”

“నువ్వే గదా చెప్తివి.”

“ఆగ్నేయానికి చూసేటట్ల పెట్టమంటి. ఆగ్నేయం మూలలో పెట్టేదానికి ఇదేమన్నా పొయ్యా?”

రామచంద్ర డిష్షు కాలు వైపు చూశాడు. చెవులు వేడెక్కాయి. చాంద్ బాషా మర లూజు చేసి, డిష్షును పూర్తిగా వెనక్కి తిప్పి, ముఖం పైకెత్తి పెట్టాడు. తర్వాత తనూ అదే దిక్కుకు తలెత్తి చూసి, నాలుకతో చప్పరించాడు. ఇంటి పక్క చింతచెట్టు ఆ దిక్కంతా కమ్ముకొని ఉంది.

“ఆకాశం యాడుండాది ఈడ? ఆకులే ఉండాయి. ఇది ఆకుల్లో నుంచి దూరి రాదు.”

“కొమ్మ కొట్టేస్తా.”

“ఎన్ని కొమ్మలు కొడతావు? చెట్టుకు చెట్టే అడ్డం. దాంట్లో కరెంటు తీగలు వేరే.” చాంద్ బాషా మిద్దె మీద అటూ ఇటూ నడిచి, గోడౌను అవతలికి చెయ్యి చూపించాడు. “ఆ మొదటింటి మీద బాగుండాది. పాత గడ ఎట్లా ఉండనే ఉండాది. దాని పక్కన పెట్టి వైరు లాగుదాం. అర్ధగంట పని.”

రామచంద్ర పిట్టగోడ మీది సున్నం పెచ్చు గోటితో గీకుతూ ఉన్నాడు.

“మాటల్లేవా?” అన్నాడు చాంద్ బాషా.

“తొమ్మిదేండ్లు.”

“నేనడగాల్నా?”

“వొద్దు.”

“అయితే నువ్వే అడిగి పెట్టు. మామ ఇంట్లో తినేసి ఏడు గంటలకు వస్తా. ఆయప్ప ఒప్పుకుంటే పొద్దు పోయినా బిగించి పోతా. ఒప్పుకోకుంటే పెట్టె వాపసు తెచ్చుకో, నీ డబ్బు నీకిస్తా.”

మోపెడ్ పోయింది. రామచంద్ర దిగి వచ్చి గడప మీద కూర్చున్నాడు. సానపెట్టాల్సిన ఉలి లేదు. ఉన్నవన్నీ సానపెట్టేశాడు. లోపల శాంతకుమారి గింజలు ఒక పక్కకు ఊడ్చి, చింతపండు ముద్దలు గంపలో పేర్చింది. సోమవారం గంప కూడా తెమ్మని గోడౌను మనిషికి చెప్పింది. ఆ మాట రామచంద్ర విన్నాడు. గూట్లో ఆసుపత్రి కాగితాలు పెట్టిన చోటే ఉన్నాయి. సంచి కొయ్యకు వేలాడుతోంది, ఖాళీగా.

ఐదు గంటలు దాటింది. అతను లేచి చొక్కా వేసుకున్నాడు.

“పద.”

“యాడికి?”

“ఆడికే.”

శాంతకుమారి కొంగు సర్దుకొని, అద్దాలు పెట్టుకొని వెనకాల నడిచింది.

నాగేంద్ర వాకిట్లో ఆటో చక్రం విప్పి కూర్చొని ఉన్నాడు. వీళ్లను చూసి పానా చేతిలోనే పట్టుకొని లేచి నిలబడ్డాడు. నలభై అయిదేళ్ల మనిషి. మీసం నెరిసింది. ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్లయిందో రామచంద్రకు అప్పుడు తెలిసింది.

“మిద్దె మీద డిష్షు పెట్టుకోవాల,” అన్నాడు రామచంద్ర.

“ఎవురి మిద్దె మీద?”

“ఈ మిద్దె మీద.”

“రెండు దినాలుగా మీ మిద్దె మీద ఏదో కట్టడం కడతాండావు గదా. అది చాల్లేదా?”

“చెట్టు అడ్డం.”

“ఓహో. చెట్టు అడ్డమయితే మేము గుర్తొస్తిమా? లేకుంటే ఇంగో తొమ్మిదేండ్లా?”

రామచంద్ర వెనక్కి తిరిగి పోవడానికి ఒక కాలు కదిపాడు. అప్పటికే శాంతకుమారి వాళ్లిద్దరి పక్కగా నడిచి, గోడ తడుముకుంటూ గడప దాటింది. లోపల టీవీ మాట్లాడుతోంది. ఆమె ఆ మాట వెంబడి పోయింది.

నాగేంద్ర తల్లి అక్కమ్మ చాప మీద కాళ్లు చాపుకొని, నానబెట్టిన అనపగింజలు పితుకుతూ సీరియల్ చూస్తోంది. వేళ్ల మధ్య గింజ నొక్కితే పొట్టు వేళ్లకు మిగులుతుంది, పప్పు గిన్నెలోకి ఎగిరి పడుతుంది. శాంతకుమారిని చూసి ఆమె చెయ్యి ఆగింది.

“ఎవురూ, శాంతానా? రామ్మా. కండ్లు చేయించుకున్నావంట గదా. కూర్చో.”

శాంతకుమారి కూర్చోలేదు. నల్లద్దాలు తీసి టీవీ చూసింది. రామచంద్ర ఆమె వెనకాల వచ్చి నిలబడి, ఆమె తల మీదుగా చూశాడు.

తెర నిండా చుక్కలు. వాళ్లింట్లో కంటే దట్టంగా ఉన్నాయి. దానికి తోడు మనుషులు ఒక్కొక్కరికీ పక్కన ఒక నీడ, ఇద్దరిద్దరు మాదిరి. ఏడుస్తున్న ఆడమనిషికి రెండు ముక్కులు కనిపిస్తున్నాయి.

శాంతకుమారి గోడ పట్టుకొని కిందికి జారి కూర్చుంది.

“ఈడా చుక్కలే,” అంది. “అయితే కంటిదే.”

“ఏంది కంటిదే?” అంది అక్కమ్మ.

“నాకు చుక్కలు కనిపిస్తాండాయత్తా.”

“యాడ?”

“అదో, టీవీలో.”

“నాకూ కనిపిస్తాండాయి.”

శాంతకుమారి మెల్లగా తల తిప్పింది. “నీకూనా? ఎప్పట్నుంచి?”

“తెచ్చినప్పట్నుంచి.”

“డాక్టరుకు చూపించలేదా?”

“టీవీనా?”

“కాదత్తా, కండ్లు.”

“నా కండ్లకేం రోగం? సందు కొస నుంచి ఎవురు వస్తాండారో చెప్తా.” అక్కమ్మ ఇంకో గింజ పితికింది. “యాల, మీ ఇంట్లో లేవా చుక్కలు? మావోడు చెప్తానే ఉంటాడే, కడింట్లో రామచంద్ర బూస్టరు పెట్టుకొని బొమ్మంతా గుంజేసుకుంటాండాడని.”

“అమ్మా, నువ్వుండు,” అన్నాడు నాగేంద్ర గడపలో నుంచి.

“నేనేం ఉండేది. నువ్వు అన్నదే గదా. తొమ్మిదేండ్లుగా తిట్టుకుంటానే చూస్తాండావు.”

రామచంద్ర నాగేంద్రను చూశాడు. నాగేంద్ర పానా చూసుకుంటున్నాడు.

“నాకు బూస్టరు లే,” అన్నాడు రామచంద్ర.

“లేదా?”

“లే. మీకు బాగా వస్తాదనుకుంటి.”

“సూడు, ఎట్లా వస్తాందో.”

ఇద్దరూ టీవీ వైపు చూశారు. రెండు ముక్కుల ఆడమనిషి ఇంకా ఏడుస్తోంది.

శాంతకుమారికి ఈ లెక్కలేవీ పట్టలేదు. “నాగేంద్రా, నీకు?” అంది.

“ఏమొదినా?”

“చుక్కలు.”

“ఎవురికి కనిపించవొదినా? కండ్లు ఉండే ప్రతి ఒక్కరికీ కనిపిస్తాయి.”

ఆమె భర్త వైపు తిరిగింది. అతను ఎడమ పక్క నిలబడ్డాడు. ఆ కన్ను పనిచేయదు కాబట్టి ముఖమంతా తిప్పి చూడాల్సి వచ్చింది.

“నీకు?”

“నాకూ.”

“ఎప్పట్నుంచి?”

“మొదట్నుంచి.”

“మరి ఆ మాట చెప్పలేదే?”

“చెప్తానే ఉండా గదా. అవి టీవీలో ఉండేవి అని.”

“టీవీలో ఉండాయన్నావు. నా కంట్లో లేవన్నావు. నాకూ కనిపిస్తాండాయి అని ఒక్కనాడన్నా అన్నావా?”

రామచంద్ర ఆ మాట కోసం గడిచిన నెల రోజుల్లో మనసులోనే వెతికాడు. అంతకు ముందరి ఏళ్లలో కూడా వెతికాడు. సాయంత్రం పూట గడప దగ్గర తను, టీవీ ముందర ఆమె. చుక్కలు ఆడుతున్నాయి అని ఆమె అంటే, ఆ నాగేంద్ర పని అనేవాడు. ఎవరి పనో చెప్పాడు గానీ, నాకూ అంతే అని చెప్పిన సాయంత్రం ఒక్కటీ దొరకలేదు. అంత చిన్న మాట ఎక్కడ పోయిందో అతనికి అర్థం కాలేదు. గీత వంకర పోతే చెరిపి మళ్లీ గీసుకోవచ్చు. ఇదెట్లా చెరపాలో తెలియలేదు.

“అన్లే,” అన్నాడు.

శాంతకుమారి కొంగుతో కుడి కన్ను ఒత్తుకుంది. ఏడవలేదు. ఇంకోసారి టీవీ చూసింది. ఈసారి చుక్కలను కాదు, వాటి వెనకాల కథను చూసింది. “ఈ పిల్ల మొగుడు తిరిగొచ్చినాడా అత్తా?” అని అడిగింది.

“యాడొచ్చె. వాడు రాడు,” అంది అక్కమ్మ. గిన్నె ఆమె వైపు జరిపింది. శాంతకుమారి గుప్పెడు గింజలు తీసుకొని పితకడం మొదలుపెట్టింది. ఒక గింజ గిన్నె దాటి పోయి నాగేంద్ర కాలి దగ్గర పడింది. ఆమె దాన్ని చూసి, చెయ్యి చాచి ఏరి గిన్నెలో వేసింది.

మగవాళ్లిద్దరూ వాకిట్లోకి వచ్చారు. క్షమించమని ఎవరూ అడగలేదు. అడిగే మనుషులు కారు. నాగేంద్ర చక్రం ఎత్తి ఇరుసుకు తగిలించాడు. ఒక్కడి చేత్తో కుదరలేదు. రామచంద్ర వంగి చక్రం కింద చెయ్యి పెట్టి ఎత్తి పట్టుకున్నాడు. నాగేంద్ర బోల్టులు బిగించాడు. నాలుగు బోల్టులు బిగించేదాకా ఇద్దరికీ మాట్లాడాల్సిన పని లేకపోయింది.

“ఏడు గంటలకు మనిషి వస్తాడు,” అన్నాడు రామచంద్ర చేతులు దులుపుకుంటూ. “బిగించేదానికి.”

“రానీ. మెట్లు పక్కనే ఉండాయి.”

“నీకూ ఒక వైరు ఇమ్మంటా.”

“ఒక్క పెట్టెకు రెండిండ్లా? నువ్వు ఏం పెడితే నేనది చూడాల్నా?”

“చూడకుంటే పో.”

నాగేంద్ర మీసం కింద ఏదో కదిలింది. నవ్వు అనడానికి లేదు. రామచంద్ర అక్కడ నిలబడలేదు. తొమ్మిదేళ్లు మోసిన కోపం కోసం లోపల తడుముకున్నాడు. ఉంది. కానీ దాన్ని పెట్టడానికి చోటు లేదు.

ఇంటికి వచ్చాక శాంతకుమారి మొదట టీవీ కట్టేసింది. నీలం పోయింది. కొయ్య మీది సంచి దించి దులిపింది. రెండు చీరలు, తువ్వాలు, పళ్లెం, గ్లాసు. గూట్లో నుంచి ఆసుపత్రి కాగితాలు తీసి, వేలితో తడిమి, ఒకటీ తప్పిపోలేదని చూసుకొని అడుగున పెట్టింది. రేపటి గంప వద్దని గోడౌను మనిషికి కేకేసి చెప్పింది. రామచంద్ర ఆమెకు ఎడమ పక్క మంచం పట్టె మీద కూర్చొని ఆ చేతులనే చూస్తున్నాడు.

“డిష్షు ఆడ పెట్టిస్తాండా,” అన్నాడు. “నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి బొమ్మ ఉంటాది.”

“ఉండనీ. తొందరేం లే.” ఆమె సంచి నోరు ముడివేసింది. “నేనొస్తా సోమవారం. కానీ ఒక మాట.”

“ఏంది?”

“ఆడ నర్సమ్మ నన్ను ఏదన్నా అడిగితే నువ్వు పక్కన ఉండు. మెట్ల దగ్గర పోయి బీడీ తాగొద్దు. నాకు కనిపించేది నీకూ కనిపిస్తే, నీకూ కనిపిస్తాండాదని చెప్పు. నాకు కనిపించేది నీకు కనిపించకుంటే, అదీ చెప్పు. ఉట్టినే ఏమీ లేదు పో అనొద్దు. చెప్తావా?”

రామచంద్ర తల ఊపాడు.

ఆమె జవాబు కోసం ఎదురుచూసింది. ముడి మీద చెయ్యి అట్లే ఉంది.

“ఏమప్పా, నిన్నే. చెప్తావా?”

అతను మళ్లీ తల ఊపబోయి ఆగాడు. ఆ పక్క ఆమెకు ఏమీ కనిపించదు.

“చెప్తా,” అన్నాడు.